మచ్లీ సాబ్ తిన్న ఒకే ఒక్క చేప

ఆ అబద్ధం మా ఇంటికి ఓడలో వచ్చింది. మా ఆయన రాజబాబుది పోర్ట్ బ్లెయిర్ హార్బర్లో పని. మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడ వచ్చిందంటే ఎవరో ఒక తెలుగు ప్రయాణికుణ్ణి పట్టుకుని, చదివేసిన వారపత్రికలు అడిగి తెచ్చేవాడు. పత్రిక పాతబడితేనేం, చదవనివాళ్ళకి కొత్తదే కదా. ఆసారి తెచ్చిన దాంట్లో ఒక పేజీ నిండా ఒక పెద్దమనిషి ఫోటో, పైన పెద్ద అక్షరాలతో "ప్రఖ్యాత మత్స్య శాస్త్రవేత్త సోమయాజులు గారి గురించి మీకు తెలియని విశేషాలు" అని ఉంది.

ఫోటో చూడగానే గుర్తుపట్టాను. జుట్టు పల్చబడింది, కళ్ళజోడు వచ్చింది, కాని గడ్డం మీద పుట్టుమచ్చ ఎక్కడికి పోతుంది? "అత్తా! మన మచ్లీ సాబ్!" అని అరిచాను.

మా అత్త ఎలీసబెతు కత్తిపీట ముందు కూచుని కొబ్బరి కోరుతోంది. చెయ్యి ఆగిపోయింది. "బతికే ఉన్నాడా నాయినా?" అంది. నాతో కాదు, పైనున్న దేవుడితో.

"బతకడమేంటి! విదేశాల్లో సన్మానాలు చేస్తున్నారు. చదువుతాను, విను."

పత్రిక నిండా విశేషాలే. ఆయన చెప్పుల్లేకుండా సముద్రపు ఒడ్డున మైళ్ళు నడుస్తారట. చేప తలలో చిన్న రాయి ఉంటుందనీ, పడౌక్ చెట్టు దుంగని కోస్తే వలయాలు కనిపించినట్టు ఆ రాయిలోనూ గీతలు కనిపిస్తాయనీ, వాటిని బట్టి చేప వయసు చెప్పేస్తారనీ రాశారు. చలికాలం లేని మన సముద్రాల్లో ఆ గీతల్ని నమ్మలేమని పెద్ద పెద్దవాళ్ళంతా అంటుంటే, మన చేపల లెక్క వానలు రాస్తాయని ఆయన రుజువు చేశారట. ఆ మొదటి రుజువు దొరికింది అండమాన్ చేపలోనేనట. ఇంతవరకూ బాగానే ఉంది. చివర్న ఒక మాట రాశారు: "ఇన్ని చేపల వయసు చెప్పిన ఈ శుద్ధ శాకాహారి పుట్టి బుద్ధెరిగి చేప రుచి చూడలేదు!"

"అబద్ధం!" అని పత్రిక నేలకేసి కొట్టాను. నాకు కోపం ముందు, ఆలోచన వెనక. ఇంటా బయటా అందరికీ తెలిసిందే. "మనింట్లోనే కదత్తా తిన్నాడు! ఆ పీట మీదే కదా కూచున్నాడు! వీళ్ళకి ఉత్తరం రాసి పడేస్తాను."

అత్త లేచి వచ్చి పత్రిక తీసి మడత పెట్టింది. "నోరు ముయ్యి. ఈ మాట నీ నోటంట బయటికొచ్చిందా, నాను నీతో మాటాడను. ఎల్లకాలం మాటాడను."

మా అత్త మాటాడకుండా ఉండడమే! ఆమె ఎంత బాధపడుతోందో నాకు అప్పుడు అర్థమైంది. మీకు అర్థం కావాలంటే ఆ చేప సంగతి మొదటినుంచీ చెప్పాలి.

నేను విశాఖపట్నం నుంచి ఈ డాలీగంజ్‌కి కోడలిగా వచ్చిన కొత్త. అప్పటికి ఊరంటే ఏముంది, సగం అడవి, సగం కొత్తగా వేసిన రేకుల ఇళ్ళు. పక్కింట్లో బెంగాలీవాళ్ళు, ఎదురింట్లో రాంచీవాళ్ళు, వెనకింట్లో మలయాళీలు. పెరట్లో తోటకూరకి హిందీలో బేరం. "ఇక్కడ ఎవుళ్ళూ ఎవుళ్ళ కులమూ అడగరమ్మా" అని మా మామ ఏలీయా గొప్పగా చెప్పేవాడు. నిజమే, అడగరు. ఆ అడక్కపోవడమే మా కొంప ముంచింది.

ఆ రోజుల్లో ఒక సర్కారీ కుర్రాడు చిన్న బోటు వేసుకుని మడ అడవుల్లోని క్రీకులన్నీ, ఆ ఉప్పునీటి పాయలన్నీ తిరిగేవాడు. ఖాకీ నిక్కరు, ఎండకి మాడి బొగ్గయిపోయిన ఒళ్ళు. అందరూ మచ్లీ సాబ్, అంటే చేపల దొర, అనేవారు. అతను పండుగప్ప చేపల్ని పట్టి, వీపు మీద వెండిలా మెరిసే చిన్న బిళ్ళ కుట్టి మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాడు. పట్టిన చేపని వదిలేసేవాణ్ణి మావాళ్ళు అదే మొదటిసారి చూడడం. "బిళ్ళ ఉన్న చేప దొరికితే కొయ్యకండి, తినకండి, నాకివ్వండి" అని బజారు బజారుకీ చెప్పాడు. మూడు వానాకాలాలు గడిచాయి. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. పై ఆఫీసువాళ్ళు ఇక పని మూసెయ్యమన్నారట.

ఇంతలో మా చర్చిలో కోతపండుగ వచ్చింది. కోతపండుగంటే తెలుసుగా, ప్రథమ ఫలాలు దేవుడికిచ్చే పండుగ. ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళు తెస్తారు. వరి కంకులు, ఆనపకాయలు, అనాసపళ్ళు, కోడి, కోడిగుడ్డు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ వేలంలో మా అత్త ఒక రాణి. అసలు తనకి కావలసిన వస్తువంటూ ఉండదు, ఎదుటివాళ్ళు అడిగారంటే చాలు, అదే కావాలి. ఓసారి తను తెచ్చిచ్చిన ఆనపకాయనే పోటీపడి పాడుకుంది. పాట పెంచే ముందు ఒక దగ్గు దగ్గేది. సంఘపెద్ద జీవానందం గారు వేలం పాడించేవాడు. "ఎలీసబెతమ్మ దగ్గు ఇనబడ్డాకే నా గొంతు లేస్తాది" అనేవాడు.

ఆ ఏడు వల వేసే తాతబ్బాయి ఒక పెద్ద పండుగప్ప తెచ్చి బల్ల మీద పెట్టాడు. అతను క్రైస్తవుడు కాదు, నూకాలమ్మకి మొక్కేవాడు. అయితేనేం, ఈ ద్వీపంలో ఎవరి పండుగకైనా అందరూ ఇస్తారు. చేప వీపు మీద వెండి బిళ్ళ మెరుస్తోంది. సాబ్ చెప్పిన మాట అతనికి గుర్తులేక కాదు. "సముద్రం నగ పెట్టి పంపిన సేప. దేవుడికిచ్చాక సాబ్‌కి ఇవ్వొచ్చుగానీ, ముందు సాబ్‌కిచ్చి తరవాత దేవుడికిస్తే బాగోదు గదా" అన్నాడు తరవాత. మీరే చెప్పండి, ఏమనగలం?

నగ పెట్టుకున్న చేపని మా అత్త ఇంకొకరికి వదులుతుందా? పాట పెరిగింది, అత్త దగ్గింది, చేప మా ఇంటికొచ్చింది. ఆ వేలం వేడిలో సాబ్ చెప్పిన మాట ఎవరికీ తట్టలేదు. బిళ్ళ పీకి కిటికీలో పెట్టి, చేపని ముక్కలు చేసి, చింతపండు పులుసు పెట్టింది.

పులుసు దించుతుండగా మచ్లీ సాబ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. తాతబ్బాయి చెప్పగా చర్చికి వెళ్ళి, అక్కడెవరో చెయ్యి చూపిస్తే మా ఇంటికి. గుమ్మంలో వాసన తగిలింది. కిటికీలో బిళ్ళ చూశాడు, పొయ్యి మీద కుండ చూశాడు. "కొలిచారా? ఎంత పొడవుంది? కొలిచారా?" అని అడిగాడు. చేపని కొలవడమేమిటో మాకు తెలియదు. మెట్టు మీద కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

మా అత్తకి ఒక నియమం ఉంది. వేలంలో కొన్నది ఇంటివాళ్ళే తినెయ్యకూడదు, ముందు గడపెక్కినవాళ్ళకి పెట్టాలి. పైగా మనిషి ఏడుస్తున్నాడు. ఆమెకి తోచింది ఒక్కటే, ఆకలి. "అరే, ఏటి బాబూ, పులుసు కోసం ఎవుడైనా ఏడుస్తాడా? రా, కూకో" అని చెయ్యి పట్టి లేవదీసి, పీట వేసి, విస్తరి ముందు పెట్టి, తలకాయ ముక్క వేసింది. మా ఇళ్ళలో తలకాయ అల్లుడికో గౌరవమైన అతిథికో పడుతుంది.

అతను ఆ తలకాయకేసి అలా చూస్తూ ఉండిపోయాడు. తరవాత ఏడుపు ఆపి తిన్నాడు. మొదటి ముద్దకి పొలమారింది. నేను నీళ్ళిచ్చాను. ఒక్కొక్క ఎముకా విడదీసి నాకి పక్కన పెట్టాడు. చివరికి తలలోంచి ఏదో తీసి రుమాల్లో మూట కట్టుకున్నాడు. "పిల్లి ఉందేంటి సాబ్?" అని అడిగాను. నవ్వాడో ఏడ్చాడో తెలియని మొహం పెట్టి, కిటికీలో బిళ్ళ అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే ఓడెక్కేశాడు.

తరవాత అతని బోటు నడిపిన నూకయ్య వచ్చి చెప్పాడు. "సాబ్ ఎవరనుకున్నారు? సోమయాజులు గారు. యజ్ఞాలు చేసినోళ్ళ ఇల్లు. గుడ్డు కూడా ముట్టరు. మీ ఇంట్లో సేప తిన్నారని నాను ఎవుళ్ళకీ సెప్పలేదు. ఆపీసు మూసేశారు, ఉద్యోగం ఉందో పోయిందో."

మా అత్త నిలబడ్డది నిలబడ్డట్టే నేల మీద కూచుంది. "ఒక్క సేపతో ఆ బాబుకి కూడూ కులమూ రెండూ తీసేశాను" అంది. ఆ తరవాత ఏ కోతపండుగలోనూ ఆమె వేలంలో నోరు విప్పలేదు. వెనక వరసలో కూచుని ముసుగు సవరించుకునేది. జీవానందం గారు "రెండోసారీ" అంటూ ఆమె వైపు చూసేవాడు. ఆమె నేల చూపులు చూసేది. మా వేలం ఉప్పులేని పులుసైపోయింది. వీధి కుళాయి దగ్గర నోరు తగ్గింది, నాతో పోట్లాట కూడా తగ్గింది. నిజం చెప్తున్నాను, పోట్లాడని అత్తతో కాపురం చెయ్యడం కష్టం.

ఆ పీట మీది మనిషే ఇప్పుడు పత్రికలోకెక్కాడు. ఉద్యోగం పోలేదు సరికదా, పేరొచ్చింది. అత్తకి సంతోషం కలగాలి కదా! కలిగింది, ఒక్క పూట. మర్నాటికి కొత్త భయం పట్టుకుంది. "చూశావా, ఎన్నడూ తినలేదని రాయించుకున్నాడు. అంటే దాసుకున్నాడు. పాపం, ఇంట్లోవోళ్ళకి తెలిస్తే ఏటవుద్దో. మన నోటంట రాకూడదు."

నాకు మాత్రం కడుపు ఉబ్బిపోతోంది. ఆ రుమాల్లో మూట కట్టింది ఏమిటి? పత్రికలో రాసిన తలరాయి, మా పులుసులో రాయి ఒకటేనా? నేను స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని, అడక్కుండా ఉండడం నాకు చేతకాదు. కాని ఎవర్ని అడగను?

అడగవలసిన మనిషే వచ్చాడు. మరుసటి ఏడు పోర్ట్ బ్లెయిర్‌లో సముద్రం గురించి ఏదో పెద్ద సభ జరిగింది, దానికి ఆయన వస్తున్నారని రేడియోలో చెప్పారు. మా పాస్టర్ అయ్యగారు ఊరుకుంటారా? తెలుగు శాస్త్రవేత్త, అదీ మన కోతపండుగ వారంలోనే! వెళ్ళి పిలిచారు. ఆయన వస్తానన్నారు. "కృపావతీ, నువ్వు టీచరమ్మవి. వారిని పరిచయం చెయ్యి. ఎవరికీ తెలియని విశేషాలు చెప్పు" అన్నారు అయ్యగారు నాతో.

తెలియని విశేషం! నా నాలుక చివర్న కూచుని ఉంది.

అత్త ఆ రోజు చర్చికే రానంది. తలనొప్పట. "రాకపోతే ఎందుకు రాలేదని అందరూ అడుగుతారు, నేను చెప్పేస్తాను" అని బెదిరించాను. అత్తని బెదిరించడం తప్పే, కాని ఆమెకి నేను నేర్పిన విద్య కాదది, నాకు ఆమె నేర్పింది. చీర కట్టుకుని వచ్చి వెనక వరసలో, స్తంభం చాటున కూచుంది.

ఆయన వచ్చారు. చెప్పులు గుమ్మంలో విడిచి, చేతిలో అరిటాకు కప్పిన పళ్ళెంతో వచ్చారు. పళ్ళెం తీసుకెళ్ళి కానుకల బల్ల మీద అనాసపళ్ళ పక్కన పెట్టి, ముందు వరసలో కూచున్నారు. ఆకు కింద ఏముందో ఎవరికీ తెలియదు.

నేను లేచాను. ఆయన చదువు గురించి, సన్మానాల గురించి చెప్పాను. చివరికొచ్చేసరికి అత్త వైపు చూశాను. స్తంభం పక్కనుంచి రెండు కళ్ళు నన్ను పొడుచుకు తింటున్నాయి. టీచర్నై ఉండి, చర్చిలో నిలబడి, పత్రికలో అబద్ధాన్నే చదివాను. "మరో విశేషం, వారు పుట్టి బుద్ధెరిగి చేప రుచి చూడలేదు." నా చెవులు వేడెక్కాయి.

ఆయన లేచి నిలబడ్డారు. "అది తప్పమ్మా" అన్నారు. "ఒకసారి తిన్నాను. ఈ ఊళ్ళోనే."

ఆయన దాచకుండా అంతా చెప్పారు. బిళ్ళ చేప గురించి, మెట్టు మీద ఏడవడం గురించి కూడా. "పత్రిక కుర్రాడికీ ఇదే చెప్పాను. రాస్తే బాగోదండీ అని వదిలేశాడు. తనకి తోచింది రాసుకున్నాడు" అన్నారు. తరవాత జేబులోంచి గాజు ముక్కల మధ్య పెట్టిన ఒక సన్నటి పలక, ఒక భూతద్దం తీశారు. చేప తలలో రాళ్ళు రెండుంటాయట, దోసగింజల్లాంటివి. ఒకదాన్ని సాన పట్టి ఇలా పలుచన చేశారట. "పొడవు కొలవలేకపోయానని ఏడ్చాను. చేప ముక్కలు కాకపోయుంటే పొడవు రాసుకుని తల పారేసేవాణ్ణి. మా వాళ్ళందరూ అప్పుడు చేసే పని అదే. తల నా విస్తట్లో పడింది కాబట్టి చూశాను. బిళ్ళ కుట్టింది ఎప్పుడో నాకు తెలుసు, చేప దొరికింది ఎప్పుడో తెలుసు. మధ్యలో పడిన వానలెన్నో రాయిలో ఉన్నాయి."

వరసలో నిలబడి అందరూ చూశారు. నా వంతు వచ్చింది. వెలుతురుకి పెట్టి చూస్తే లేత పసుపు రంగులో గీతలు, అంచు దగ్గర మూడు మాత్రం ముదురుగా, బిళ్ళ కుట్టాక పడిన మూడు వానలట. ఆ చివరి గీత నేను కోడలిగా వచ్చిన ఏటి వాన. అప్పుడు ఈ రేకుల మీద పడిన చప్పుడికి భయపడి అమ్మ కావాలని ఏడ్చాను. ఆ వాన ఇక్కడ ఇంత చిన్న రాయిలో రాసి ఉంది.

అత్త మాత్రం కదల్లేదు.

వేలం మొదలైంది. జీవానందం గారికి వయసు మీదపడింది కాని గొంతు తగ్గలేదు. అరిటాకు తీశాడు. పండుగప్ప! వీపు మీద బిళ్ళ లేదు, అంతే తేడా. పాట మొదలైంది. తాతబ్బాయి అడిగాడు, రాంచీ భయ్యా అడిగాడు. ఇంతలో ముందు వరసలోంచి సోమయాజులు గారే చెయ్యెత్తి పాట పెంచారు. "క్రితంసారి నేను వచ్చేసరికి వేలం అయిపోయింది. ఈసారి వేళకే వచ్చాను" అన్నారు. అందరూ నవ్వారు. గౌరవానికి మిగతావాళ్ళంతా ఊరుకున్నారు.

"ఒకటోసారీ" అన్నాడు జీవానందం గారు. "రెండోసారీ..."

ఎన్ని ఏళ్ళ అలవాటో, ఆయన చూపు స్తంభం వైపు తిరిగింది.

స్తంభం చాటునుంచి దగ్గు వినబడింది.

ఆ తరవాత మా అత్త ఎంతన్నదో నేను చెప్పను. మా మామ మొహం మాత్రం చూసి తీరాలి. సోమయాజులు గారు మళ్ళీ పెంచారు. అత్త లేచి నిలబడి, ముసుగు జారిపోయినా చూసుకోకుండా ఇంకా పెంచింది. ఆయన నవ్వుతూ చేతులు జోడించారు. "మూడోసారి!" అన్న జీవానందం గారి గొంతు పక్క వీధిలో వినబడి ఉంటుంది.

ఇంటికొచ్చాం. ఆయనా వచ్చారు. వాకిట్లో కుర్చీ వేస్తే కూచోకుండా అదే మెట్టు మీద కూచున్నారు. నేను ఊరుకోలేకపోయాను. "సాబ్, ఇన్నేళ్ళలో ఒక్క కార్డు ముక్క రాయలేకపోయారా? మా అత్త మిమ్మల్ని పాడుచేశానని కుమిలిపోయింది తెలుసా?" అని కడిగేశాను. మా ఆయన నా భుజం గిల్లాడు. గిల్లితే ఆగుతానా?

ఆయన తల దించుకున్నారు. "సిగ్గమ్మా. తిన్నందుకు కాదు. పేరు అడక్కుండా వెళ్ళిపోయాను. ఎవరి ఇంట్లో తిన్నానో తెలియదు, ఏమని రాయను?"

మా అత్త మెల్లగా వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. అన్నేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న ముల్లు అప్పుడు బయటికొచ్చింది. "మరి మీ ఇంట్లో... మీ అమ్మగోరు ఏటన్నారు బాబూ?"

"నాన్నగారు ఏడాది నాతో మాట్లాడలేదు" అన్నారాయన. ఉన్నమాట దాచలేదు. "అమ్మకి అంతా చెప్పాను. ఏడుస్తుంటే ఒకావిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూచోబెట్టిందని చెప్పాను. అమ్మ, 'ఊరుగాని ఊళ్ళో నా బిడ్డకి కడుపునిండా పెట్టిందా ఆ మహాతల్లి?' అని అడిగింది."

మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడడం. నాకూ ఆగలేదు.

కాసేపటికి మొహం కడుక్కుని లోపలికెళ్ళింది. చేపనీ, కత్తిపీటనీ వాకిట్లోకి తెచ్చింది. నా కుట్టుమిషను డ్రాయరు లాగి టేపు తీసి, ఆయన చేతిలో పెట్టింది.

"ముందు కొలుసుకో బాబూ" అంది. "తరవాత కోస్తాను."